600 గజాల ఇంటికి సల్లని కప్పు.. మరి రేకుల రూముకు?

నైట్ షిఫ్టు దిగినోడు పండుకునేది ఎప్పుడు? పొద్దుగాల ఎనిమిది, తొమ్మిదింటికి. ఎండకాలంల రేకుల రూము కాలుడు షురూ అయ్యేది ఎప్పుడు? పది గొట్టంగనే. నడుమ మిగిలింది గంట, గంటన్నర. గంతే నిద్ర.

మే నెలల ఇస్నాపూర్, ముత్తంగి, చిట్కుల్, పాశమైలారం సందుల పొంటి పగటీలి ఒక్కపారి తిరిగి చూడుండ్రి. యాప చెట్టు కింద తువ్వాల పరుసుకొని ఒకడు, షట్టర్ ఏసిన దుకాణం అరుగు మీద ఇంకొకడు, ఆగిన లారీ నీడకు ఇద్దరు. తాగి పడుకున్నరని పోయేటోళ్లు అనుకుంటరు. కాదు. రూముల పండలేక బయటికొచ్చిన నైట్ షిఫ్టు కార్మికులు వాళ్లు. బీహార్, ఒడిశా, యూపీ పిల్లలు కొందరు. మన జోగిపేట, నారాయణఖేడ్ దిక్కుకెళ్లి వచ్చినోళ్లు కొందరు.

నేను గూడ మూడు ఎండకాలాలు గట్ల పండుకున్నోన్నే. పది బై పది రూము, మీద సిమెంటు రేకు, ఒక్క తలుపు, జానెడు కిటికీ. ఫ్యాను ఏస్తె రేకు కింద ఉన్న సెగనే నెత్తి మీదికి దింపుతది. తడిపిన దుప్పటి కప్పుకుంటె అరగంటల పొడిపొడి అయితది. మల్ల రాత్రి మిషన్ ముంగట నిలవడాలె. నిద్ర లేని కండ్లు, నిద్ర లేని చేతులు మిషన్ కాడ ఎంత ప్రమాదమో కంపెనీల పనిచేసిన ఎవరినడిగినా చెప్తరు. అందుకే ఇల్లు సల్లగుండుడనేది నాకు సోకుల ముచ్చట అనిపియ్యదు. అది మన ప్రాణం ముచ్చట.

పాలసీ ఉన్నది, మనదాక రాలె

సల్లని కప్పుల కోసం మన రాష్ట్రంల ఒక పాలసీ ఉన్నదని ఎంతమందికి ఎరుక? 2023 ఏప్రిల్ 3 నాడు తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చిండ్రు. దేశంలనే గిట్లాంటి పాలసీ తెచ్చిన మొదటి రాష్ట్రం మనది. 2028 వరకు అమలు. హైదరాబాదుల 200 చదరపు కిలోమీటర్లు, మిగిలిన రాష్ట్రంల 100 చదరపు కిలోమీటర్లు, మొత్తం 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఎండను తిప్పికొట్టే కప్పులుగ మార్చాలన్నది టార్గెట్. సర్కారు బిల్డింగులకు, వ్యాపార బిల్డింగులకు తప్పనిసరి. మంచిదే, కాదనలేం.

మరి మనం ఉండే ఇండ్ల సంగతి? 600 గజాలు, ఆపైన జాగల కట్టే ఇంటికి తప్పనిసరి. 600 గజాల లోపు కట్టుకునేటోనికి 'నీ ఇష్టం' అన్నరు.

600 గజాల జాగల ఇల్లు కట్టేటోడు ఎవడు? ఇంట్ల రెండు మూడు ఏసీలు పెట్టుకునే తాహతు ఉన్నోడు. అరవై గజాలల్ల నాలుగు రూములు లేపి, మీద రేకులు కప్పి కిరాయికిచ్చిన కాడ ఉండేటోడు ఎవడు? ఆ ఏసీల విడిభాగాలు తయారుచేసే కంపెనీల పనిచేసేటోడు. కప్పు ఎవనికి ఎక్కువ అవసరమో వాని ఇంటికే రూలు లేకుంటపాయె.

ఇంకో సంగతి. 2025 ఏప్రిల్‌ల వడగాలులను రాష్ట్ర విపత్తుగ ప్రకటించి, వడదెబ్బతోని చనిపోతె కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తమని జీవో తెచ్చిండ్రు. అంతకుముందు 50 వేలే ఉండె. పెంచుడు మంచిదే. అయితే చచ్చినంక 4 లక్షలు ఇచ్చే సర్కారు, బతికున్నప్పుడు కప్పు సల్లబరిచే ఖర్చు లెక్క ఎందుకు ఏస్తలేదు? ఆ ఖర్చు ఎంత తక్కువనో కింద చెప్త.

అవ్వ తాతల ఇల్లు ఎట్ల పనిచేస్తుండె?

మా తాత కట్టిన ఇల్లు మట్టి గోడలది. గోడ మందం మూరెడు. మీద గూనపెంకలు. ముంగట సాయమాను, నడుమ వాకిలి. ఎండకాలం మాపటీలి అవ్వ వాకిట్ల సాంపి చల్లి మంచాలేసేది. గిది గుర్తుచేసుకొని మురిసిపోతందుకు చెప్తలేను. ఆ ఇంట్ల నాలుగు పనులు జరుగుతుండె. అవి అర్థమైతె మన రేకుల రూముకు, మన స్లాబు ఇంటికి ఏం చెయ్యాల్నో అర్థమైతది.

ఒకటి, నీడ. గోడకు ఎండ తగలకముందే సాయమాను ఆపుతది. ఎండ లోపలికి వచ్చినంక ఫ్యానుతోని వెళ్లగొట్టుడు కన్న, బయటనే ఆపుడు అలక.

రెండు, మందం. మూరెడు మట్టి గోడ పొద్దంత వేడి పీల్చుకుంటది. అది ఇవతలికి వచ్చేసరికి రాత్రి అయితది. రాత్రి ఎట్లయినా మనం వాకిట్ల పండుకుంటం. సిమెంటు రేకు మందం పావు అంగుళమంత. ఎండ తగిలిన కొద్దిసేపట్లనే సెగ కిందికి దిగుతది. స్లాబుది ఇంకో తీరు. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పొద్దంత వేడెక్కి, పొద్దుమీకి మొదలుపెట్టి నడిరాత్రి దాక ఆ వేడిని మన మీద కుమ్మరిస్తది. అందుకే రేకుల ఇంట్ల పగలు నిద్ర పట్టదు, స్లాబు ఇంట్ల రాత్రి నిద్ర పట్టదు.

మూడు, గాలి పోయే తొవ్వ. వేడిగాలి మీదికి లేస్తది. గూనపెంకల సందులకెళ్లి అది బయటికి పోతుండె. గోడ మీది భాగంల గవాక్షి ఉంటుండె. ఇప్పటి రూములకు మీద రంధ్రమే లేదు, వేడి పోయేదెట్ల?

నాలుగు, తెల్లటి సున్నం. ఎండను చాలామటుకు తిప్పికొడతది. నల్లబడ్డ పాత రేకు ఎండను మొత్తం మింగుతది. కూల్ రూఫ్ అని ఇయ్యాల ఇంగిలీషు పేరుతోని అమ్మే డబ్బా లోపల ఉన్న సూత్రం ఈ సున్నం సూత్రమే.

అయితే మట్టి ఇంటికి మర్లిపోదామా?

పోలేం. పోవాలని నేను చెప్త గూడ లేను. ఫేస్‌బుక్ల పాత ఇంటి ఫోటో పెట్టి 'ఆ రోజులే వేరు' అని రాసేటోళ్లు రెండు సంగతులు మర్చిపోతరు.

మొదటిది, అందరి ఇల్లు సల్లగ లేకుండె. మందపు గోడలు, నడుమ భవంతి, ఎత్తు దూలాలు దొరలకు, పటేండ్లకు ఉండె. వాడకట్టుల ఉన్నోనికి గుడిసె ఉండె. తాటికమ్మల గుడిసె సల్లగనే ఉంటది గని, ఎండకాలం ఒక్క అగ్గిరవ్వ పడితె వాడంత బుగ్గి. వానకాలం ముసురు పట్టిందంటె మట్టి గోడ ఎప్పుడు కూలుతదో అని కూసుండి తెల్లారబెట్టుడే. ఇప్పటికి గూడ ప్రతి వానకాలం గోడ కూలి మనుషులు పోయిన వార్త చదువుతనే ఉన్నం.

రెండోది, ఆ సల్లదనం వెనుక ఆడోళ్ల రెక్కలున్నయి. పెండతోని అలుకుడు, మన్ను మెత్తుడు, పండుగకోపారి సున్నం ఏసుడు, అంత వాళ్ల చేతులే. పెంకలు కోతులు కదిలిస్తె సదురుకోవాలె. చెదలు, తేళ్లు వేరే. గీ బాధ పడ్డ మా అవ్వనే స్లాబు ఇల్లు కావాలని అందరికన్న ముందు అడిగింది. స్లాబంటె ఆమెకు ఒక మర్యాద. మనం ఆమెను తప్పు పట్టలేం.

అందుకే ముచ్చట మట్టా సిమెంటా అన్నది కాదు. నీడ, మందం, గాలి తొవ్వ, తెల్లదనం, గీ నాలుగు పనులను ఇప్పటి ఇంట్ల ఎట్ల చేపించాలె అన్నదే అసలు ముచ్చట.

ఇందిరమ్మ ఇంటి లెక్క

2024 మార్చి 11 నాడు భద్రాచలంల ఇందిరమ్మ ఇండ్ల పథకం మొదలుపెట్టిండ్రు. ఒక్కో ఇంటికి 5 లక్షలు. కనీసం 400 చదరపు అడుగులు ఉండాలె, మీద స్లాబు పడాలె. మొదటి విడతల రాష్ట్రం మొత్తం 4 లక్షల 50 వేల ఇండ్లు, నియోజకవర్గానికి 3,500. మన సంగారెడ్డి జిల్లాల నారాయణఖేడ్, అందోల్, జహీరాబాద్, సంగారెడ్డి, పటాన్‌చెరు, ఐదు నియోజకవర్గాల లెక్కన 17,500 ఇండ్లు.

పైసలు మెట్లమెట్లుగ పడుతయి. పునాదికి ఇంత, గోడలకు ఇంత, స్లాబుకు ఇంత, పూర్తయినంక ఇంత. గీ మెట్లల్ల సల్లని కప్పు అనే మెట్టు లేదు. స్లాబు పడ్డదా లేదా అని ఫోటో తీస్తరు. ఆ స్లాబు కింద ముసలమ్మ మే నెలల పండుకోగలుగుతదా అని ఎవరూ చూడరు.

ఇప్పుడు ఖర్చు లెక్క చూడుండ్రి. కూల్ రూఫ్ పాలసీ తెచ్చిన నాడు చెప్పిన ఖర్చు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు. 400 చదరపు అడుగులంటె 37 చదరపు మీటర్లు. ఇంటికి పడేది 11 వేల చిల్లర. 5 లక్షలల్ల నూటికి రెండు రూపాయల కన్న జరంత ఎక్కువ, గంతే. 4 లక్షల 50 వేల ఇండ్లకు ఏస్తె 500 కోట్లు అయితది. పథకం మొత్తం ఖర్చు 22,500 కోట్లు. దీంతోని 16 చదరపు కిలోమీటర్లకు పైన కప్పు ఒక్క దెబ్బకు సల్లబడుతది. 300 చదరపు కిలోమీటర్ల టార్గెట్ పెట్టుకున్న సర్కారుకు ఇంతకన్న అలకగ దొరికే కప్పులు ఎక్కడున్నయి?

పని చేస్తదా అని అనుమానమున్నోళ్లకు ఒక ముచ్చట. 2017ల హైదరాబాదుల దేవరకొండ బస్తీల 25 పేదల ఇండ్ల మీద కూల్ రూఫ్ ఏసి చూసిండ్రు. పక్క ఇండ్ల కన్న లోపల సగటున 2 డిగ్రీలు తక్కువ ఉన్నది. 2 డిగ్రీలేనా అనిపిస్తది. 41కి, 39కి తేడా ఏందో రేకు కింద పండుకున్నోన్ని అడుగుండ్రి.

రాత్రి కిటికీ తెరిచేదెట్ల?

మన బెల్టుకు మాత్రమే ఉన్న ఇంకో లొల్లి ఉన్నది. ఏ ఊరి ఇంజనీరు రాసిన పుస్తకంల గూడ ఇది ఉండది.

వేడి దేశాలల్ల ఇల్లు సల్లబడాలంటె రాత్రి కిటికీలు తెరవాలె. పొద్దంత వేడెక్కిన గోడలను రాత్రి గాలి సల్లబరుస్తది. పొద్దుగాల కిటికీలు మూసి ఆ సల్లదనాన్ని లోపల దాసుకోవాలె. గింతే సూత్రం. పటాన్‌చెరు, బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం, పాశమైలారం దిక్కు రాత్రి కిటికీ తెరిస్తె ఏం వస్తది? ఘాటు వాసన. రాత్రి పూట వాసనలు ఇడుస్తున్నరని జనం ఏండ్ల సంది మొత్తుకుంటనే ఉన్నరు. నక్కవాగు నీళ్లు ఖరాబైన ముచ్చట 1990లనే సుప్రీంకోర్టు దాక పోయింది. పిల్లలు దగ్గుతున్నరని కిటికీ మూస్తె రూము కొలిమి. ఉడుకపోతున్నదని తెరిస్తె ముక్కు మంట. వాకిట్ల మంచమేసే రివాజు మన దగ్గర పోయింది సోకుకు పోలేదు, గాలి ఖరాబై పోయింది.

గందుకే కాలుష్యం వేరు, ఎండ వేరు అని రెండు దరఖాస్తులు పెట్టుడు తప్పు. గాలి బాగుంటెనే ఇల్లు సల్లగుంటది. రాత్రి వాసన ఇడిసిన కంపెనీ మన ముక్కును ఒక్కదాన్నే కాదు, మన నిద్రను గూడ దోసుకుంటున్నది.

చట్టం సంగతి గూడ చూడుండ్రి. 1948 ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్‌ల పని జాగల గాలి ఆడాలె, గోడలు, కప్పు వేడి పెంచకుండ ఉండాలె అని రాసిండ్రు. 1979 వలస కార్మికుల చట్టంల బయటి రాష్ట్రం నుంచి తెచ్చినోళ్లకు కాంట్రాక్టరే సరైన వసతి ఇయ్యాలె అని రాసిండ్రు. అంటె పని జాగల కప్పు గురించి, కార్మికుని వసతి గురించి రాసుడు కొత్త కాదు. కిరాయి రూము మాత్రం ఎవరి లెక్కల లేదు. కంపెనీ 'మా గేటు బయట మాకేం సంబంధం' అంటది. కాంట్రాక్టరు 'వాళ్లే ఎతుక్కున్నరు' అంటడు. ఓనరు 'ఉంటె ఉండు, లేకుంటె పో' అంటడు.

జవాబులు మన జిల్లాలనే ఉన్నయి

కందిల ఉన్న ఐఐటీ హైదరాబాద్ ముంగటి నుంచి రోజూ బస్సుల పోతం. ఆ గేటు లోపల 2021ల ఒక చిన్న సెక్యూరిటీ రూము కట్టిండ్రు. వరిగడ్డి, చెరుకు పిప్పి, పత్తికట్టె లాంటి పొలం చెత్తను కోసి, సున్నంల కలిపి, అచ్చుల పోసి ఎండబెట్టిన ఇటుకలతోని కట్టిన రూము అది. బయో బ్రిక్ అని పేరు. మామూలు ఇటుకల ఎనిమిదో వంతు బరువే ఉంటది, వేడిని ఆపుతది. కప్పు రేకుల మీద గూడ అవే ఇటుకలు పరిచిండ్రు. భారం మోసే గోడకు పనికిరాదు గని, ఫ్రేము నడుమ నింపెతందుకు, కప్పు మీద పరిచెతందుకు పనికొస్తది. మన జిల్లాల పత్తికట్టె ఎంతుంటది? ఏరి కాలబెడుతున్నం. జహీరాబాద్ దిక్కు చెరుకు ఉన్నది. ఊరి పిల్లలు నలుగురు కలిసి చేసే చిన్న పరిశ్రమ ఇందుల దాగున్నది. ఐఐటీ గోడ దాటి అది మన ఊళ్లెకు ఎప్పుడొస్తదో అడగాల్సిన బాధ్యత మనది.

రాజేంద్రనగర్ల ఎన్‌ఐఆర్‌డీ రూరల్ టెక్నాలజీ పార్కు ఉన్నది. అక్కడ తక్కువ ఖర్చు ఇండ్ల నమూనాలు నిజంగ కట్టి పెట్టిండ్రు. కాల్చని మట్టి ఇటుకల గోడలు చూడొచ్చు. ఇటుకను నిలవెట్టి నడుమ సందు ఇడిసి కట్టే గోడ గురించి అడుగుండ్రి. ఇటుకలు పావువంతు మిగులుతయి, సందుల ఉన్న గాలి వేడిని ఆపుతది. స్లాబుల కింది భాగంల పెంకలు పెట్టి కాంక్రీటు తగ్గించే పద్ధతి గూడ ఉన్నది. కేరళల లారీ బేకర్ గీ రెండు పద్ధతులను పేదల ఇండ్ల దాక తీసుకపోయిండు. ఇల్లు మొదలుపెట్టేటోళ్లు మేస్త్రీని ఎంటబెట్టుకొని ఒక్కరోజు పోయి రాండ్రి.

ఇంకో తమాషా చెప్త. కొండాపూర్ దిక్కు సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉన్నది. 2004ల అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిండు. నడుమ వాకిలి, గోడలకు జాలీలు, గాలిని లోపలికి తెచ్చే బురుజులు, కప్పు మీద పచ్చదనం. ప్రపంచం మెచ్చిన గ్రీన్ బిల్డింగ్ అది. అంటె పెద్ద కంపెనీలకు మన భవంతి ఇల్లు కావాలె, కార్మికునికి మాత్రం రేకు చాలు.

ఆఫ్రికాల బుర్కినా ఫాసో అనే బీద దేశం ఉన్నది. మన కన్న ఎండలు ఎక్కువ. అక్కడి ఫ్రాన్సిస్ కెరె అనే ఆయన తన ఊరు గాండోల 2001ల బడి కట్టిండు. మట్టి ఇటుకల గోడలు, మట్టి ఇటుకల కప్పు, దాని మీద అంతెత్తున రేకు. రేకుకు, లోపలి కప్పుకు నడుమ గాలి ఆడుతది. రేకు సెగ పిల్లల నెత్తి మీదికి దిగకముందే గాలి ఎత్తుకపోతది. 2022ల ఆయనకు ప్రిట్జ్‌కర్ ప్రైజు వచ్చింది, ఇండ్లు గీసేటోళ్లకు నోబెల్ అసుంటిది. రేకును తీసిపారెయ్యకుండనే దాన్ని ఒక గొడుగు లెక్క వాడుకోవచ్చని ఆయన చూపెట్టిండు. మన రేకుల రూములకు ఇంతకన్న మంచి పాఠం లేదు.

ఈ ఎండకాలానికి ఏం చేసుకోవచ్చు?

పాలసీ మారెదాక ఆగలేం కాబట్టి, తక్కువ ఖర్చుల అయ్యేటియి చెప్త.

స్లాబు ఇల్లయితె ఎండకాలం రాకముందే సున్నంల జిగురు కలిపి రెండు కోట్లు ఏసుండ్రి. కొనగలిగితె కూల్ రూఫ్ పెయింటు ఇంకా ఎక్కువ రోజులు వస్తది. దుమ్ము పడితె కడుగుతుండాలె, మన బెల్టుల దుమ్ము, మసి ఎక్కువ. నల్లబడ్డ తెల్లరంగు పని చెయ్యది.

రేకుల ఇల్లయితె రేకు మీద అడుగుడున్నర ఎత్తుల కర్రలు పాతి గ్రీన్ నెట్ కట్టుండ్రి. నెట్టు రేకుకు ఆనొద్దు, నడుమ గాలి ఆడాలె. పందిరేసి బీర, చిక్కుడు పారిస్తె ఇంకా మంచిది. లోపల వెదురు తడికెతోని ఇంకో కప్పు కట్టి, మీద గాలి పోయే సందు ఇడువుండ్రి.

ఒక్క మాట మాత్రం గట్టిగ చెప్త. సిమెంటు రేకు మీద కాలు పెట్టొద్దు. పాత రేకు చప్పుడు లేకుండ పలుగుతది, మనిషి కిందవడి పోతడు. పలక ఏసి, దాని మీద నిలవడాలె. ఆస్‌బెస్టాస్ రేకును కొయ్యొద్దు, రంధ్రాలు కొట్టొద్దు. దాని పొడి ఊపిరితిత్తులకు విషం.

కూలర్ పెట్టినోళ్లు ఎదురుంగ కిటికీ తెరిచి పెట్టుండ్రి. మూసిన రూముల కూలర్ ఏస్తె తేమ నిండి జిడ్డుజిడ్డు అయితది. మా రూముల మేము రెండు ఏండ్లు గదే తప్పు చేసినం.

ఏం అడగాలె?

నా లెక్కల మూడు డిమాండ్లు. ఇందిరమ్మ ఇంటికి ఆఖరి విడతల సల్లని కప్పు పైసలు కలపాలె, సున్నమో పెయింటో ఇంటోళ్ల ఇష్టానికి ఇడువాలె. కూల్ రూఫ్ పాలసీల 600 గజాల గీత పక్కన ఇంకో గీత గియ్యాలె: కిరాయికిచ్చే కార్మికుల రూములకు, గజాలతోని పని లేకుండ, తప్పనిసరి చెయ్యాలె. పది రూములున్న ఓనరుకు పడేది 28 వేల దాక ఖర్చు. అది కిరాయి మీద పడకుంట సగం సర్కారు, సగం ఆ ఏరియా కంపెనీల సీఎస్ఆర్ పైసలు పెట్టాలె. మూడోది, రాత్రి వాసన ఇడిసేటోళ్ల మీద రాత్రే వచ్చి చూసే ఆఫీసర్లు కావాలె. పొద్దుగాల వచ్చి శాంపిల్ తీసుకపోతె ఏం దొరుకుతది?

ఓట్లప్పుడు మన ఊళ్లెకు వచ్చినోళ్లను గుడికి, ఫంక్షన్ హాలుకు తీసుకపోతం. ఈపారి మే నెలల వస్తె, పగటీలి రెండింటికి ఒక రేకుల రూముల పావుగంట కూసోబెడుదాం. ఫ్యాను గూడ ఏద్దాం. ఆ తర్వాతనే దరఖాస్తు చేతికిద్దాం.